రీవో మఠం: సగం శిథిలం గ్రామంలోనే ఉంది

ఇంగ్లండ్‌లోని ఉత్తర యార్క్‌షైర్‌లో, రై నది పారే ఇరుకు లోయలో పైకప్పు లేకుండా నిలిచిన రీవో మఠాన్ని చూసినవారు అది కాలగతిలో కూలిందనే అనుకుంటారు. కానీ దాని పతనంలో ఎండావానల పాత్ర స్వల్పం. అసలు పని, దేశంలోని మఠాలను మూయించిన ఇంగ్లండ్ రాజు ఎనిమిదో హెన్రీ మనుషులు లెక్కలు రాసుకుంటూ పూర్తిచేశారు.

1132లో సిస్టర్షియన్ అనే క్రైస్తవ శాఖకు చెందిన సన్యాసులు స్థాపించిన ఈ మఠంలో, అయిల్రెడ్ అధిపతిగా ఉన్న కాలానికి 140 మంది సన్యాసులు, 500 మంది శ్రామిక సోదరులు (మఠం పనులు చేసే దీక్షాపరులు) ఉండేవారని ఆయన జీవితచరిత్ర రాసిన శిష్యుడు చెప్పాడు. 1538లో మఠాన్ని రాజుకు అప్పగించేనాటికి పాతికమంది కూడా మిగలలేదు. స్థలం రట్లండ్ ఎర్ల్ బిరుదున్న ప్రభువు థామస్ మానర్స్‌కు దక్కింది. పైకప్పు మీది సీసం మాత్రం రాజుదే. దాన్ని కరిగించి, దిమ్మెలుగా పోసి, రాజముద్ర వేశారు. వాటిలో కొన్ని కూలిన పశ్చిమ గోడ కింద చిక్కుకుపోయి 1920లలో బయటపడగా, యార్క్ నగరపు పెద్ద చర్చి యార్క్ మిన్‌స్టర్‌లోని ‘ఫైవ్ సిస్టర్స్’ కిటికీ మరమ్మతుకు వాడారు. ఖజానాకు చేరవలసిన సీసం చివరికి మరో ప్రార్థనాలయానికే చేరింది!

ఇక రాళ్లు ఊరిలోకి నడిచాయి. మఠం ప్రాకారం లోపలే పెరిగిన రీవో గ్రామంలోని ఇళ్లకు ఈ శిథిలమే గని అయింది. సన్యాసుల నాటి ఇనుము పని కూడా ఆగలేదు. 1570లలో ఇక్కడ కట్టెబొగ్గుతో నడిచే బ్లాస్ట్ ఫర్నేస్ (ఇనుము కరిగించే పెద్ద కొలిమి) వెలసి, 1640ల దాకా పనిచేసింది. అంటే మఠం మూతపడ్డాక కూడా లోయలో పొగ, సుత్తి చప్పుడు సాగుతూనే ఉన్నాయి.

ఈ రెండో జీవితం నేటి సందర్శకుడికి అంతగా కనిపించదు. 18వ శతాబ్దంలో స్థానిక భూస్వాములైన డన్‌కోంబ్ కుటుంబం, శిథిలాన్ని దృశ్యంగా ఆస్వాదించేందుకు, పైనున్న కొండవాలు అంచున పచ్చిక తిన్నె వేయించింది. 1917లో మఠాన్ని స్వాధీనం చేసుకున్న ప్రభుత్వం గోడలను నిలబెట్టి, శిథిలాల కుప్పలు తొలగించి, చుట్టూ పచ్చిక పరచింది. గోడలు దక్కడం ఆ శ్రమ ఫలితమే, కాదనలేం; అయితే సన్యాసుల కట్టడం స్పష్టమైన కొద్దీ, తర్వాత అక్కడ బతికినవారి ఆనవాళ్లు పలచబడ్డాయి. టికెట్ తీసుకునే మఠం ఒకటి, కారు ఆపకుండా దాటిపోయే ఊరు మరొకటి అన్నట్టు తయారైంది.

అందుకే ముందు ఊరిలోని సెయింట్ మేరీ చర్చికి వెళ్లడం మంచిది. మఠం ద్వారం దగ్గర, లోపలి ప్రధాన చర్చిలోకి ప్రవేశం లేని బయటివారి కోసం కట్టిన చిన్న ప్రార్థనాలయం అది. 20వ శతాబ్దం ఆరంభంలో బాగుచేశారు. మఠం కాలపు ఆ కట్టడం పైకప్పుతో ఇంకా వాడుకలో ఉంది.