సవరణ: మైక్రోప్లాస్టిక్ నీటిలో కరగదు

మంచినీటి చెరువులు, నదుల్లో చేరే మైక్రోప్లాస్టిక్ (ప్లాస్టిక్ చిన్న చిన్న ముక్కలు) గురించి మొన్న రాసినదాంట్లో "అది మెల్లగా నీటిలో కరిగి బిస్ఫినాల్-ఎ అనే రసాయనాన్ని వదులుతుంది" అన్నాను. ఒకే వాక్యంలో రెండు తప్పులు.

మొదటిది, కరగడం. ఉప్పులా, చక్కెరలా ప్లాస్టిక్ కరగదు. ఎండలోని అతినీలలోహిత కిరణాలు, ఆక్సిజన్ కలిసి పాలిథిన్ లాంటి వాటి పొడవాటి అణుగొలుసులను తెంపుతాయి. పైపొర పెళుసుబారి పగుళ్లిస్తుంది, ముక్కలు రాలతాయి. 5 మిల్లీమీటర్ల లోపు ముక్క మైక్రోప్లాస్టిక్. అది ఇంకా ఇంకా చిన్నదై నానోప్లాస్టిక్ అవుతుంది. తెగిన గొలుసుల్లో బాగా పొట్టివి మాత్రం నిజంగానే నీటిలో కలుస్తాయి. వాటిలో కొన్నింటిని బ్యాక్టీరియా తినేస్తుంది కూడా. నేను గందరగోళపడింది ఇక్కడే.

రెండోది, బిస్ఫినాల్-ఎ. అది ముఖ్యంగా పాలికార్బొనేట్ అనే గట్టి ప్లాస్టిక్‌కూ, జిగురుల్లో, పూతల్లో వాడే ఎపాక్సీ రెజిన్లకూ ముడిసరుకు. అన్ని ప్లాస్టిక్‌లకూ దాన్ని అంటగట్టడం నా తొందరపాటు. పీవీసీని మెత్తబరచడానికి కలిపే థాలేట్ల కథ వేరు: అవి గొలుసుకు రసాయనికంగా అతుక్కుని ఉండవు, కాబట్టి ప్లాస్టిక్ విరగకపోయినా మెల్లగా బయటికి జారుకుంటాయి. ముక్క చిన్నదైతే దాని బరువుతో పోలిస్తే ఉపరితలం పెరిగి ఆ పని ఇంకా త్వరగా జరుగుతుంది.

ఇంకోటి. అడుగున బురదలో కూరుకుపోయిన ముక్క కూడా ఇదే వేగంతో పాడవుతుందన్నట్టు రాశాను. అక్కడికి ఎండ చేరదు, ఆక్సిజన్ కూడా అంతగా అందదు. అందుకే అది చాలాకాలం అలాగే ఉంటుంది.