చెక్క మీద అయిదు వేళ్ళు

తుమ్మ పలక ఒకటి దొరికితే చిన్న బల్ల చేద్దామనుకున్నాను. కోశాను, చిత్రిక పట్టాను, నున్నగా తోమాను, పడుకున్నాను. తెల్లారి లేచి చూస్తే పలక మధ్యలో నీలం కలిసిన నల్లటి మచ్చ!

ఆ క్షణంలో మా తోడల్లుడికి ఫోన్ చేయకుండా ఉంటే ఏ గొడవా లేకపోయేది. ఆయనకు చెక్క గురించి తెలియనిది లేదు. ఆ మాటకొస్తే దేని గురించీ తెలియనిది లేదు. భూతద్దం పట్టుకుని మరీ దిగాడు. "ఎవరూ ముట్టుకోకండి" అన్నాడు, అక్కడేదో నేరం జరిగినట్టు.

"నీలి బూజు తమ్ముడూ!"

నేనూ అంతో ఇంతో చదివినవాణ్ణే. నీలి బూజు పట్టేది చేవ చుట్టూ ఉండే తెల్ల చెక్కకి. దాని తిండి అంతా అక్కడే ఉంటుంది. పైగా తేమ 20 శాతం పైన లేకపోతే అది పెరగదు. నాది ఎర్రటి చేవ, ఏళ్ళ తరబడి ఎండింది. బూజు అయితే లోపలికంటా దిగాలి కదా, ఇది పైపైనే ఉంది కదా అని కూడా అన్నాను.

"నువ్వు చదివావు, నేను చూశాను" అన్నాడు.

కాసేపటికి ఆయనే మాట మార్చాడు. ఇది మామూలు బూజు కాదట. రెండు రకాల బూజులు ఒకే చెక్కలో ఎదురుపడితే, సరిహద్దు గోడలు కట్టుకున్నట్టు వాటి మధ్య సన్నటి నల్ల గీతలు ఏర్పడతాయి. అలాంటి చెక్కను పనివాళ్ళు వెతికి మరీ తెచ్చుకుంటారు. ఇదంతా నిజమే. నా పలక మీద గీతలే లేవు, అది వేరే సంగతి. అక్కణ్ణుంచి ఆయన ఇటలీ వెళ్ళిపోయాడు. చెక్కను ఆకుపచ్చగా మార్చే బూజు ఒకటుందనీ, పునరుజ్జీవన కాలంలో అక్కడి పనివాళ్ళు ఆ పచ్చ ముక్కలను పొదిగి బొమ్మలు చేశారనీ వివరించాడు. మా ఆవిడ కాఫీ ఇచ్చినా ఇటలీ నుంచి తిరిగి రాలేదు.

ఇంతలో, బిగుసుకుపోయిన తలుపు సరిచేయడానికి వడ్రంగి మేస్త్రి వచ్చాడు. వెళ్తూ వెళ్తూ పలక వైపు ఓ చూపు చూశాడు.

"ఇది చెయ్యి కదండీ. ఎడమ చెయ్యి."

ఎవ్వరం మాట్లాడలేదు.

"పెట్టి చూడండి సార్."

అందరూ నా చేతి వంకే చూస్తున్నారు. పెళ్ళిచూపుల్లో కూడా నన్ను ఇంత శ్రద్ధగా ఎవరూ చూడలేదు. పెట్టకపోతే అనుమానం, పెడితే రుజువు. ముందు బొటనవేలు ఆనించాను. సరిపోయింది. బొటనవేళ్ళన్నీ ఒకేలా ఉంటాయిలే అనుకున్నాను. చూపుడువేలు, నడిమివేలు కూడా అచ్చు మీద కూర్చున్నాయి. ఇక నా ఆశంతా చిటికెన వేలి మీదే. చిన్నప్పుడు క్రికెట్ బంతి తగిలి అది బయటికి వంగిపోయింది, అలాంటిది లోకంలో ఇంకొకరికి ఉండదు. మచ్చలో కూడా అది బయటికే వంగి ఉంది.

"మీ చెయ్యేనండీ" అంది మా ఆవిడ, తప్పిపోయిన బంధువు దొరికినంత సంబరంగా.

"బూజు ఏ ఆకారంలోనైనా పెరుగుతుంది" అన్నాడు తోడల్లుడు.

మేస్త్రి ఆయన్ని పట్టించుకోలేదు. "ఇనుప పీచుతో రుద్దారా? తర్వాత తడిగుడ్డ పెట్టారా?" అని అడిగాడు. రెండూ చేశాను. తుమ్మలో టానిన్ అనే వగరు పదార్థం దండిగా ఉంటుంది, తోళ్ళు పదును చేయడానికి దాని బెరడు వాడేది అందుకే. టానిన్‌కి ఇనుము, తడి తోడైతే నల్లబడుతుంది. ఐరోపాలో వందల ఏళ్ళు రాసుకున్న సిరా కూడా ఇదే. తడిచేతికి ఇనుప పొడి అంటించుకుని, పలకను ఎడమ చేత్తో గట్టిగా అదిమిపట్టి, రాత్రికి రాత్రి నేను తయారుచేసింది ఆ సిరానే. వేళ్ళ చుట్టూ సన్నటి నల్ల చుక్కలు కూడా ఉన్నాయి. ఆ భూతద్దంలో అవి ఎందుకు కనబడలేదో ఆ భూతద్దానికే తెలియాలి.

ఆక్జాలిక్ యాసిడ్ నీళ్ళలో కలిపి పూస్తే పోతుంది, చేతులకు తొడుగులు మాత్రం మరిచిపోకండి అని చెప్పి మేస్త్రి వెళ్ళిపోయాడు. ఆ "చేతులకు" అన్న మాట దగ్గర కొంచెం నవ్వాడనే నా అనుమానం.

అసలు ఇనుప పీచుతో రుద్దితే అద్దంలా మెరుస్తుందని సలహా ఇచ్చిందెవరు? ఈ తోడల్లుడే! అదే అడిగాను. "నేను స్టెయిన్‌లెస్ పీచు అన్నాను తమ్ముడూ, నువ్వే సరిగ్గా వినలేదు" అన్నాడు, ఏమాత్రం తడుముకోకుండా.

మచ్చ పోయింది. విషయం మాత్రం చుట్టాలందరికీ చేరింది. నిన్న రాత్రి ఆయనే ఫోన్ చేశాడు. వాళ్ళింట్లో టేబుల్ మీద కూడా ఏదో మచ్చ పడిందట, ఓసారి వచ్చి చెయ్యి పెట్టి చూడమన్నాడు.