రిటైరైన అధికారిగానే డంకర్క్‌ను నడిపిన రామ్సే

1944 ఏప్రిల్‌లో బ్రిటిష్ నౌకాదళం బెర్ట్రామ్ రామ్సేను తిరిగి క్రియాశీల జాబితాలో చేర్చి, పూర్తి స్థాయి అడ్మిరల్‌గా పదోన్నతి ఇచ్చింది. ఫ్రాన్స్‌లోని డంకర్క్ దగ్గర జర్మన్ సేనల ముట్టడిలో చిక్కుకున్న మిత్రదేశాల సైనికులను ఆయన సముద్రం మీదుగా ఇంగ్లండ్‌కు తరలించి అప్పటికి దాదాపు నాలుగేళ్లు. 1943లో ఇటలీ దీవి సిసిలీపై మిత్రదేశాల దండయాత్రలో తూర్పు నౌకాదళ విభాగాన్ని నడిపినప్పుడు కూడా కాగితాల మీద ఆయన పదవీ విరమణ చేసిన అధికారే. ఈ జాప్యానికి మూలం 1935 నాటి ఒక విభేదంలో ఉంది.

పదిహేనేళ్ల వయసులో, 1898లో నౌకాదళంలో చేరిన రామ్సే 1935లో రియర్ అడ్మిరల్ అయ్యారు. అదే ఏడాది బ్రిటన్ చుట్టుపక్కల సముద్రాలను కాచే ప్రధాన నౌకాదళం హోమ్ ఫ్లీట్ అధిపతి రోజర్ బ్యాక్‌హౌస్ దగ్గర చీఫ్ ఆఫ్ స్టాఫ్‌గా చేరారు. ప్రతి పనీ తన చేతి మీదుగానే సాగాలనుకునే బ్యాక్‌హౌస్, స్టాఫ్ అధికారులకు బాధ్యతలు పంచలేదు. పేరుకు మాత్రమే మిగిలిన ఆ పదవిలో ఇమడలేక రామ్సే కొద్ది నెలలకే తప్పుకున్నారు, 1938లో విశ్రాంత జాబితాలో చేరారు. అహం దెబ్బతిన్న అధికారి అలకగా దీన్ని కొట్టిపారేయలేం. పెద్ద నౌకాదళాన్ని ఒక్క మనిషి బుర్ర నడపలేదన్న ఆయన వాదనే సరైనదని నా నమ్మకం, అందుకు సాక్ష్యం డోవర్.

యుద్ధం రావడంతో 1939లో ఆయనను వెనక్కి పిలిచి, ఫ్రాన్స్‌కు ఎదురుగా ఉన్న ఇంగ్లండ్ రేవు డోవర్ బాధ్యత అప్పగించారు. 1940 మే 26 నుంచి జూన్ 4 వరకు, డోవర్ కోట కింది సొరంగాల్లో కూర్చుని డంకర్క్ తరలింపును నడిపారు. మొదట్లో 45,000 మందిని తెచ్చినా గొప్పేననుకున్న చోట 3,38,226 మంది బయటపడ్డారు. జనం గుర్తుపెట్టుకున్నది చిన్న పడవల సాహసాన్నే. ఆ సాహసం నిజమే, కానీ దాదాపు 2,40,000 మంది నౌకలెక్కింది ఇసుక తీరం నుంచి కాదు, డంకర్క్ ఓడరేవు నుంచి. సముద్రంలోకి చొచ్చుకెళ్లిన దాని తూర్పు అడ్డుగోడను నౌకలెక్కడానికి వాడుకోవచ్చని గుర్తించింది అక్కడికి వెళ్లిన కెప్టెన్ విలియం టెనెంట్. అక్కడి పరిస్థితిని బట్టి టెనెంట్ తీసుకున్న నిర్ణయాన్ని రామ్సే అడ్డుకోకుండా, దానికి తగ్గట్టు నౌకలను మళ్లించారు. 1935లో తాను కోరిన పనితీరు సరిగ్గా ఇదే.

నార్మండీ దగ్గర మాత్రం ఈ వాదనకు చిక్కు వస్తుంది. దాదాపు 7,000 నౌకలు, పడవలు పాల్గొన్న, 1944 జూన్‌లో ఆ ఫ్రెంచ్ తీరంపై మిత్రదేశాలు చేసిన దాడికి నౌకాదళ అధిపతిగా రామ్సే జారీచేసిన ఉత్తర్వులు మితిమీరి వివరంగా ఉన్నాయని అమెరికన్ నౌకాధికారులు అసంతృప్తి చెందారు. అధికార కేంద్రీకరణను తప్పుపట్టిన మనిషే అలా రాశారేమిటన్న ప్రశ్న న్యాయమైనదే. అయితే మందుపాతరల మధ్య శుభ్రం చేసిన సన్నని దారుల్లో అన్ని నౌకలు ఒక క్రమంలో కదలాలంటే, ఆ కట్టుదిట్టం తప్పనిసరి అని నాకు అనిపిస్తుంది.

ఆయన దూరదృష్టి బెల్జియం రేవు ఆంట్వెర్ప్ విషయంలో ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. 1944 సెప్టెంబరులో ఆ రేవు చేతికి చిక్కకముందే, సముద్రం నుంచి అక్కడికి దారి అయిన షెల్ట్ నదీముఖాన్ని శత్రువు నుంచి విడిపించనిదే అది అక్కరకు రాదని రామ్సే హెచ్చరించారు. సైన్యాధిపతులు ఆలస్యం చేశారు. పెద్ద నౌకల మొదటి బిడారు అక్కడికి చేరింది నవంబరు 28న. 1945 జనవరి 2న, బ్రిటిష్ సైన్యాధిపతి మాంట్‌గోమరీతో సమావేశం కోసం పారిస్ సమీపం నుంచి బ్రస్సెల్స్ బయల్దేరిన విమానం కూలి రామ్సే మరణించారు.