లెక్క తప్పిస్తే చావులు తప్పుతాయా?

ప్రసూతి మరణాలను అరికట్టే చదువు చదవండంటూ యువతను పిలుస్తూనే, ఆ చదువుకు ఆధారమైన లెక్కలను వారి చేతుల్లోంచి లాగేసుకోవడం ఏ నీతి? అమెరికా సహాయ సంస్థ యూఎస్‌ఎయిడ్ నిధులతో 1984 నుంచి తొంభైకి పైగా దేశాల్లో ఇంటింటికీ తిరిగి జనన మరణాలు, ఆరోగ్య వివరాలు సేకరించిన డెమోగ్రాఫిక్ అండ్ హెల్త్ సర్వేల కార్యక్రమం 2025 ఫిబ్రవరిలో అర్ధాంతరంగా ఆగిపోయిన సంగతి తెలిసిందే. కాన్పయిన కొన్ని నెలలకు తల్లులను పలకరించి వారి అనుభవాలను నమోదు చేసే ‘ప్రామ్స్’ సర్వే అమెరికాలోనే 1987లో మొదలైంది. ఆ పని చూసే కేంద్ర బృందాన్ని కూడా 2025 ఏప్రిల్‌లో విధుల నుంచి తప్పించారు. జరిగిన చర్చంతా పోయిన ఉద్యోగాలు, రద్దయిన కాంట్రాక్టుల చుట్టూనే తిరిగింది. ఈ రంగంలో అప్పుడే అడుగుపెట్టిన పీజీ, పీహెచ్‌డీ విద్యార్థుల గోడు ఎవరికీ పట్టలేదు.

తల్లీబిడ్డల ప్రజారోగ్యాన్ని ఎంచుకున్న విద్యార్థి దారి ఎలా సాగుతుందో బయటివారికి పెద్దగా తెలియదు. ముందు ఎపిడమియాలజీ (జనంలో వ్యాధుల తీరును, కారణాలను చదివే శాస్త్రం), గణాంక శాస్త్రం, ఆరోగ్య విధానాల పాఠాలు, ఆ తర్వాత క్షేత్ర శిక్షణ, చివరికి సిద్ధాంత వ్యాసం. అసలు చిక్కు అక్కడే వస్తుంది. ప్రసూతి మరణం ఆ ఇంటికి తీరని ఘోరమే అయినా గణాంకాల్లో అరుదైన ఘటన. 2023లో ప్రపంచ సగటు లక్ష సజీవ జననాలకు 197. అంటే వెయ్యి కాన్పులను ఓపికగా వెంబడించినా విద్యార్థికి ఒకటో రెండో మరణాలు ఎదురుకావచ్చు, అసలు ఎదురుకాకనూ పోవచ్చు. సొంత సర్వేతో ఏదైనా తేల్చడం అతని శక్తికి, సమయానికి మించిన పని. అందుకే లక్షల ఇళ్ల గడప తొక్కి సేకరించి, పేర్లు తొలగించి, నమోదు చేసుకున్న పరిశోధకులకు ఉచితంగా ఇచ్చే డెమోగ్రాఫిక్ సర్వేల డేటాయే అతని ప్రయోగశాల. కార్యక్రమం ఆగగానే కొత్తగా డేటా కోరినవారి దరఖాస్తులూ నిలిచిపోయాయి.

ఆ ప్రశ్నావళిని ఒక్కసారి చూసినవారికి దాని విలువ వేరే చెప్పనక్కర్లేదు. పోయిన తల్లి జవాబు చెప్పలేదు కనుక ఆమె తోబుట్టువునే అడుగుతారు: మీ అమ్మకు పుట్టినవారెందరు, వారిలో ఎవరు పోయారు, పోయేనాటికి ఆమె గర్భిణా, కాన్పులోనే పోయిందా, కాన్పయ్యాక రెండు నెలల్లోపు పోయిందా? బిడ్డ గురించి మరో ప్రశ్న: పుట్టినప్పుడు ఏడ్చిందా, కదిలిందా, ఊపిరి తీసిందా? అది మృతశిశు జననమా, నవజాత శిశువు మరణమా అన్నది ఈ జవాబు మీదే తేలుతుంది. ఏటా ప్రపంచంలో దాదాపు 19 లక్షల మంది బిడ్డలు ప్రాణం లేకుండానే పుడుతున్నారు. అడిగే మనిషే గడపలోకి రాకపోతే, వారిలో ఎందరో ఏ ఖాతాకూ ఎక్కరు.

ఇచ్చేవాడి డబ్బు ఇచ్చేవాడి ఇష్టమనీ, ప్రతి దేశం తన జనన మరణాల నమోదును తానే చక్కదిద్దుకుంటే పరాయి సర్వేలతో పనేముందనీ వాదించేవారున్నారు. నమోదు బలపడాలన్న మాట కాదనలేనిదే; అది బలపడేదాకా ఉన్నదాన్ని ఉండనివ్వడానికి ఆ మాటేమీ అడ్డు రాదు. ప్రసూతి మరణాల్లో తొంభై శాతానికి పైగా సంభవిస్తున్నది పేద, దిగువ మధ్యాదాయ దేశాల్లోనే. మరణాల నమోదు అంతంతమాత్రంగా ఉన్నదీ అక్కడే.

మమ్మల్ని ఎక్కువగా కలవరపెడుతున్నది ఆగిపోయిన సర్వే కన్నా, దాని ఆగుదలతో మొదలైన ఆనవాయితీ. అంకె తప్పని వాదించే పాలకుడితో తలపడవచ్చు. అంకే లేకుండా చేసినవాణ్ని దేన్ని పట్టుకుని నిలదీయాలి? రేపు తన ఆసుపత్రుల తీరు బయటపడటం ఇష్టంలేని ఏ ప్రభుత్వమైనా ‘పొదుపు చేస్తున్నాం’ అని ఒక్క మాట అనేసి సర్వేను అటకెక్కించవచ్చు. అంత పెద్ద దేశమే చేయగా లేనిది మేం చేస్తే తప్పేమిటని ఎదురు ప్రశ్న కూడా వేయవచ్చు. కొన్ని సర్వేలను పూర్తిచేయించడానికి గేట్స్ ఫౌండేషన్ తాత్కాలిక నిధులతో ముందుకు రావడం ఊరటే గానీ, ఆనవాయితీని అది చెరపదు. జనం చావుపుట్టుకల లెక్క ఒక దాత దయ నుంచి మరో దాత దయకు మారిందంతే.

వియన్నాలో సెమ్మెల్‌వైస్ అనే ప్రసూతి వైద్యుడు 1847లో వైద్యులను చేతులు కడుక్కోమన్నది రెండు ప్రసూతి విభాగాల మరణాల పట్టికలను పక్కపక్కన పెట్టి చూశాకే. ఇంగ్లండ్, వేల్స్‌లలో ప్రసూతి మరణాలపై, పేర్లు బయటపెట్టకుండా కారణాలు వెతికే, 1952లో మొదలైన గోప్య విచారణ ఎన్ని ప్రభుత్వాలు మారినా ఏదో ఒక రూపంలో కొనసాగుతూనే ఉంది. అంత దూరం పోనక్కర్లేదు. కాన్పు తర్వాతి రక్తస్రావాన్ని కంటితో అంచనా కట్టడం మాని, గీతలున్న సంచిలోకి పట్టి కొలిచి, వెంటనే నిర్ణీత చికిత్సలన్నీ కలిపి అందిస్తే తీవ్ర పరిణామాలు 60 శాతం తగ్గాయని నాలుగు ఆఫ్రికా దేశాల్లో జరిగిన ఈ-మోటివ్ ప్రయోగం 2023లో నిరూపించింది. కొలవడమంటే ప్రాణం కాపాడటమేనని ఇంతకన్నా తేటగా ఎవరు చెప్పాలి?

విశ్వవిద్యాలయాల మౌనం మరీ విడ్డూరం. మాతృ ఆరోగ్యంలో మా కోర్సుకు సాటి లేదని ప్రకటనలిచ్చి ఫీజులు కట్టించుకున్నవారు, డేటా అందక సతమతమయ్యే విద్యార్థికి ‘అంశం మార్చుకో’ అని సలహా ఇచ్చి ఊరుకుంటే సరిపోతుందా? ఫెలోషిప్ గడువు అతని కోసం ఆగదు. గడువు పొడిగించాలి, పాత డేటాను పదిలపరచి విద్యార్థులందరికీ తెరిచి ఉంచే బాధ్యతను ఉమ్మడిగా తలకెత్తుకోవాలి, తదుపరి సర్వేల ఖర్చును ఒక్క దాతకు వదలకుండా దేశాలన్నీ పంచుకునే ఒప్పందం కోసం పట్టుబట్టాలి. ఇక 2030 నాటికి ప్రసూతి మరణాలను లక్ష సజీవ జననాలకు 70 లోపుకు దించుతామని సంతకాలు చేసిన ప్రభుత్వాలు, ఆ 70ని ఎవరు, ఎవరి డబ్బుతో, ఏ పద్ధతిలో లెక్కపెడతారో ముందు చెప్పాలి. అది చెప్పలేనివారు ఆ లక్ష్యం పేరెత్తి వేదికలెక్కడం మానుకోవాలి.