వంటగదిలోనే ఉండు, ఫోన్ మాత్రం బయట పెట్టు

ఉత్తర ఆఫ్రికాలో మొరాకో, అల్జీరియా, ట్యునీషియా, అదేనండి మగ్రెబ్ అంటారే, అక్కడ ఆడపిల్లల చేతికి ఫోన్ వచ్చిన దగ్గర్నుంచీ పెద్దమనుషులకి కంటి మీద కునుకు లేదు. పాపం వాళ్ళ తరఫున మాట్లాడేవాళ్ళే లేరు, అందుకే నేను పూనుకున్నా.

2018 రంజాన్‌లో అల్జీరియా రాజధాని అల్జీర్స్‌లో ఒకమ్మాయి ఇఫ్తార్‌కి ముందు జాగింగ్‌కి వెళ్తే ఒకడు కొట్టి మరీ చెప్పాడు, నీ చోటు వంటగది అని. కంప్లైంట్ ఇద్దామని వెళ్తే, అసలీ టైంలో ఎందుకు పరిగెత్తావమ్మా అన్నారట అక్కడ. ఏడుస్తూ వీడియో పెట్టింది, అంతే, కొద్దిరోజులకే వందలమంది ఆడా మగా కలిసి సముద్రం ఒడ్డున పరుగో పరుగు. ఒక్కదాన్ని ఆపబోతే జరిగింది ఇదీ.

సరే, వంటగదే కదా. పక్కన మొరాకోలో ఆడవాళ్ళు బుద్ధిగా అక్కడే ఉన్నారు, కాకపోతే ఎదురుగా ఫోన్ నిలబెట్టుకున్నారు. 'రొతీనీ ల్యౌమీ' అంటే నా రోజువారీ పని అని, ఊడవడం, తోమడం, తుడవడం అంతా యూట్యూబ్‌లో పెట్టేసరికి వ్యూస్ వచ్చాయి, డబ్బులొచ్చాయి, ఇంకేముంది దేశం పరువు పోయిందని ఒకటే గోల. బట్టలు బిగుతట, వంగి తుడుస్తున్నారట. నడుం వంచకుండా గచ్చు కడిగే విద్య ఆ గోల చేసేవాళ్ళే కాస్త నేర్పొచ్చుగా? కొందరు యాంగిల్ చూసుకునే పెట్టారు, కాదనను, కానీ ఖండించడం కోసమే చివరిదాకా చూసినవాళ్ళ ఓపికకి మాత్రం దండం పెట్టాలి.

ట్యునీషియా గోలతో ఆగలేదు. 2024 అక్టోబర్‌లో టిక్‌టాక్, ఇన్‌స్టాగ్రామ్‌లో నీతి చెడగొడుతున్నవాళ్ళ మీద కేసులు పెట్టమని న్యాయశాఖ అంది, కొద్దిరోజుల్లోనే కొందరికి ఏడాదిన్నర నుంచి నాలుగున్నరేళ్ళ దాకా జైలు. ఇదే దేశంలో 2011 విప్లవమప్పుడు లీనా బెన్ మెహెన్నీ 'ఎ ట్యునీషియన్ గర్ల్' అనే పేరుతోనే బ్లాగు నడిపింది, కాల్పుల్లో పోయినవాళ్ళ ఫొటోలు లోకానికి చూపించింది. 2020లో ఆమె చనిపోతే పాడె మోసింది ఆడవాళ్ళే. వాళ్ళ మీద ఏ సెక్షన్ పెట్టాలో అప్పుడెవరికీ తట్టలేదు కాబోలు.

నా సలహా ఏంటంటే, సర్కారే ఒక మోడల్ వీడియో తీయాలి. శుభ్రమైన వంటగది, పొయ్యి మీద కుస్‌కుస్, అదే వాళ్ళ గోధుమరవ్వ వంటకం, ఉడుకుతూ ఉంటుంది, మనిషి కనపడదు, గొంతు వినపడదు, గరిటె పట్టిన చెయ్యి కూడా ఫ్రేములోకి రాదు. అయినా కింద మొదటి కామెంట్ ఏం వస్తుందో నాకు తెలుసు, ఇంతకీ ఈవిడ ఎక్కడికి పోయింది అని.

జాగింగ్‌కి వెళ్ళిందండి.