విశాఖ కొండ కింద చమురు రెండు రోజులకా, ముప్పై రెండు రోజులకా?

పశ్చిమాసియాలో నాలుగు క్షిపణులు లేచినప్పుడల్లా మన టీవీల అడుగున ఒక అంకె పరుగెడుతుంది. దేశంలో తొమ్మిదిన్నర రోజులకు సరిపడా వ్యూహాత్మక చమురు నిల్వలున్నాయి, కంగారు పడొద్దు అని. విశాఖలో ఆ వార్తకు ఒక తోక కూడా తగులుకుంటుంది. ఆ నిల్వల్లో ఒక వాటా మన కొండ కిందే ఉంది కాబట్టి మనకేం టెన్షన్ లేదని. ఆ సాయంత్రమే గాజువాక బంకుల్లో బళ్లు బారులు తీరతాయనుకోండి, అది వేరే సంగతి.

కొండ కింద ఉన్న మాట నిజమే. డాల్ఫిన్ నోస్ పక్కన లోవ గార్డెన్స్ దగ్గర రాయి తొలిచి కట్టిన గుహల్లో 13.3 లక్షల టన్నుల ముడి చమురు పడుతుంది. మంగళూరులో 15 లక్షల టన్నులు, పాదూరులో 25 లక్షల టన్నులు పట్టే గుహలున్నాయి. అన్నీ కలిపి 53.3 లక్షల టన్నులు. మూడింటిలో ముందు పనిలోకి వచ్చింది మనదే, 2015లో.

ఒక చిన్న భాగహారం చేద్దాం. విస్తరణ తర్వాత విశాఖ రిఫైనరీ సామర్థ్యం ఏడాదికి కోటీ యాభై లక్షల టన్నులు. గుహ నిండుగా ఉందనుకుంటే, ఆ చమురు ఈ ఒక్క రిఫైనరీకి 32 రోజులు వస్తుంది. దేశం మొత్తానికి పంచితే రెండు రోజులు. చుక్క పెరగలేదు, చుక్క తగ్గలేదు. దేంతో భాగించామన్నదే మారింది.

టీవీలో పరుగెత్తే తొమ్మిదిన్నర కథ కూడా ఇదే. అది 2019-20 నాటి వాడకం మీద కట్టిన లెక్క. 2023-24లో దేశం వాడిన పెట్రోలియం ఉత్పత్తులు సుమారు 23.4 కోట్ల టన్నులు. దాంతో భాగిస్తే మూడు గుహలూ కలిపి ఎనిమిది రోజుల పైచిలుకు. అదే ఏడాది మన రిఫైనరీలు శుద్ధి చేసిన ముడి చమురు 26 కోట్ల టన్నులు దాటింది. దాంతో భాగిస్తే ఏడున్నర రోజుల్లోపే. చమురు కంపెనీలు తమ సొంత ట్యాంకుల్లో ఉంచుకునేది 64.5 రోజులకు సరిపోతుందని, దాన్నీ కలిపితే 74 రోజులని ప్రభుత్వం చెబుతుంది. అంతర్జాతీయ ఇంధన సంస్థ తన సభ్య దేశాలను అడిగేది 90 రోజుల నికర దిగుమతులకు సరిపడా నిల్వ. మనం అందులో 2017 నుంచి అనుబంధ సభ్యులమే, పూర్తి సభ్యులం కాదు.

ఒక్క ఊరి గుహ దగ్గరే ఇన్ని అంకెలు పుడితే దేశాల మధ్య పోలికల సంగతి చెప్పాలా? ఉత్పత్తి, వినియోగం, నిల్వలు అంటూ ఏటా వచ్చే పట్టికల్లో కొన్ని గళ్లు కొలిచినవి, కొన్ని గళ్లు చెప్పుకున్నవి. అచ్చులో మాత్రం అన్నీ ఒకే సైజు అక్షరాల్లో, ఒకే గీతల మధ్య కూర్చుంటాయి. చిక్కంతా అక్కడే.

కొలిచిన దాంట్లో కూడా ఎంత తకరారు ఉంటుందో మా ఇంటి దగ్గరి పెట్రోలు బంకులో చూశాను. మే నెలలో ఒక పొద్దున ట్యాంకర్ వచ్చి ఆగింది. పనిచేసే కుర్రాడు లారీ పైకెక్కి మూత తీసి, డిప్ రాడ్ దించి, తడి ఎక్కడిదాకా అంటిందో వేలు పెట్టి చూశాడు. తర్వాత కొద్దిగా పెట్రోలు గాజు జాడీలోకి పట్టి హైడ్రోమీటర్ వేశాడు, థర్మామీటర్ ముంచాడు, చార్టు చూసి 15 డిగ్రీల దగ్గర సాంద్రత ఎంతో రాసుకున్నాడు. ఇంత తంతు ఎందుకని అడిగితే, "లారీలో పొంగినట్టు ఉంటాది సార్, భూమిలో ట్యాంకులోకి దిగాక సల్లబడి తగ్గిపోద్ది" అన్నాడు. పెట్రోలు ఒక డిగ్రీకి వెయ్యో వంతు దాకా వ్యాకోచిస్తుంది. 12 వేల లీటర్ల లోడు పది డిగ్రీలు చల్లబడితే దాదాపు 120 లీటర్లు ఎటూ పోకుండానే మాయమవుతాయి. బరువు మాత్రం అంతే ఉంటుంది.

బంకు కుర్రాడి ఈ బాధే ప్రపంచ లెక్కలదీ. అమెరికా, ఒపెక్ (చమురు ఎగుమతి దేశాల కూటమి) దేశాలు పీపాల్లో మాట్లాడతాయి, అంటే పరిమాణం. మన పెట్రోలియం శాఖ టన్నుల్లో మాట్లాడుతుంది, అంటే బరువు. పీపా అనగానే మనకు షెడ్డు పక్కన నిలబెట్టిన 200 లీటర్ల డ్రమ్ము గుర్తొస్తుంది కానీ, చమురు పీపా 159 లీటర్లే. 1860ల్లో పెన్సిల్వేనియా బావుల దగ్గర చెక్క పీపాల్లో అమ్మినప్పుడు కుదిరిన 42 గ్యాలన్ల కొలత అది. ఆ పీపాలు ఎప్పుడో పోయాయి, కొలత మిగిలింది. టన్నుకు సగటున 7.33 పీపాలు అంటారు. పల్చటి చమురైతే ఇంకొన్ని ఎక్కువ, తారులా చిక్కగా ఉంటే తక్కువ. డీజిల్ టన్నుకు ఏడున్నర పీపాలు, వంటగ్యాస్ అయితే పదకొండు దాటుతాయి. మన పెద్దవాళ్ల కాలంలో ఈ ఊరి కుంచం ఆ ఊరి కుంచం ఒకటి కాదు. గోపురంలా పోసి ఇస్తారా, పైన చేత్తో చదును చేసి ఇస్తారా అన్న పేచీ ఉండేది. చమురు వ్యాపారంలో ఆ పేచీ ఇంకా తీరలేదు.

ఉత్పత్తి దగ్గర ఆ గోపురం బాగా కనిపిస్తుంది. అమెరికా రోజుకు ఎంత చమురు తీస్తుంది? 2024 లెక్క తీసుకుంటే ఒక పట్టికలో కోటీ 30 లక్షల పీపాల పైచిలుకు, ఇంకో పట్టికలో రెండు కోట్ల 20 లక్షల పైచిలుకు. మొదటిది బావిలోంచి వచ్చిన ముడి చమురు. రెండోదాంట్లో సహజవాయువుతో పాటు వచ్చే ద్రవాలు, మొక్కజొన్న ఇథనాల్, రిఫైనరీలో పెరిగే పరిమాణం కూడా కలిపేస్తారు. బరువైన చమురును విరగ్గొట్టి పెట్రోలు, డీజిల్ చేస్తే పరిమాణం పెరుగుతుంది, అమెరికాలో ఇదొక్కటే రోజుకు పది లక్షల పీపాల దాకా. టన్నుల్లో రాసే మన పుస్తకాల్లో ఆ పెరుగుదల కనబడదు, ఎందుకంటే బరువు పెరగదు. సౌదీ ముడి చమురును అమెరికా 'మొత్తం ద్రవాల'తో పోల్చి వాట్సాప్‌లో పందేలు కాసేవాళ్లు ఈ ఒక్క విషయం చూసుకుంటే చాలు.

వినియోగం అనే మాట ఇంకా మెత్తనిది. మన దగ్గర వినియోగం అంటే ప్రధానంగా కంపెనీలు అమ్మింది. డిపో దాటి బంకుకు చేరితే అది 'వాడినట్టే'. పైన చెప్పిన గాజువాక బారులు చూడండి. ఆ సాయంత్రం అందరూ ట్యాంకులు నింపుకుంటే, మర్నాడు బంకులు మళ్లీ లోడు తెప్పించుకుంటే, ఒక్క కిలోమీటరు అదనంగా తిరగకుండానే దేశ వినియోగం పెరిగినట్టు నమోదవుతుంది. ఓడల సంగతి మరీ విచిత్రం. రేవులో అంతర్జాతీయ ఓడ నింపుకున్న ఇంధనం ఏ దేశం వాడకం? కొన్ని పట్టికలు దాన్ని ఏ దేశానికీ రాయవు, కొన్ని అమ్మిన దేశం ఖాతాలో వేస్తాయి. సింగపూర్ ఏటా ఐదు కోట్ల టన్నులకు పైగా ఓడల ఇంధనం అమ్ముతుంది. రెండో రకం పట్టిక చూస్తే ఆ చిన్న దేశంలో ప్రతి మనిషీ పొద్దున్నే నూనెతో స్నానం చేస్తున్నాడనిపిస్తుంది.

మొత్తం వాడకంలో అమెరికా, చైనాల తర్వాత మూడో స్థానం మనదేనని గర్వంగానో భయంగానో చెప్పుకుంటాం. తలసరి చూడండి. అమెరికాలో మనిషికి ఏడాదికి సుమారు 22 పీపాలు, ప్రపంచ సగటు నాలుగున్నర, మనకు ఒకటిన్నర కూడా లేదు.

అన్నిటికన్నా ఎక్కువ మోసపోయేది నిల్వల దగ్గర, అంటే భూమిలో ఉన్న చమురు దగ్గర. 'నిరూపిత నిల్వలు' అంటే కిందకు దిగి కొలిచినవని చాలామంది అనుకుంటారు. కాదు. ఈనాటి ధరకు, ఈనాటి సాంకేతికతతో తీయగలమని దాదాపు 90 శాతం నమ్మకం ఉన్న చమురు అని అర్థం. ధర మారితే నిల్వ మారుతుంది. కెనడా నిల్వలు 2002 చివర్లో ఒక ప్రముఖ పట్టికలో 490 కోట్ల పీపాల నుంచి 18 వేల కోట్లకు ఎగబాకాయి. కొత్త బావి పడలేదు. ఆల్బెర్టా ఇసుకలో ఇరుక్కున్న తారును కూడా చమురుగా ఒప్పుకున్నారు, అంతే. వెనెజువెలా తన ఒరినోకో ప్రాంతపు తారును లెక్కలోకి తెచ్చుకుని 30 వేల కోట్ల పీపాలతో ప్రపంచంలో మొదటి స్థానానికి వెళ్లింది. 2024లో ఆ దేశం తీసింది రోజుకు పది లక్షల పీపాల లోపు. ఆ వేగంతో తీస్తే నిల్వలు 900 ఏళ్లు వస్తాయి. కాగితం మీద అపర కుబేరుడు, జేబులో చిల్లర లేదు.

1980ల్లో జరిగింది ఇంకా ముచ్చటైనది. ఎవరు ఎంత అమ్ముకోవాలో ఒపెక్ కోటాలు పెట్టాక, వాటికి నిల్వలు కూడా ఒక ఆధారం కావాలన్న మాట నడిచింది. అంతే, ఒకరి తర్వాత ఒకరు అంకెలు పెంచేశారు. యూఏఈ 1986లో 3,300 కోట్ల పీపాల నుంచి 9,700 కోట్లకు, సౌదీ 1988లో 17 వేల కోట్ల నుంచి 25,500 కోట్లకు వెళ్లాయి. ఆ తర్వాత సౌదీ పది వేల కోట్ల పీపాలకు పైగా తోడి అమ్మింది. నిల్వ మాత్రం ఏటా 26 వేల కోట్ల దగ్గరే నిలబడి ఉంది, అక్షయపాత్రలా. అలాగని అది అబద్ధమనీ అనలేం. 2019లో వాటాల అమ్మకానికి ముందు సౌదీ ప్రభుత్వ చమురు కంపెనీ అరామ్‌కో బయటి నిపుణులతో లెక్క వేయిస్తే ఆ దరిదాపుల్లోనే తేలింది. నా అభ్యంతరం అంకె పెద్దదని కాదు. మూడు దశాబ్దాల పాటు దాన్ని బయటివాళ్లెవరూ చూడలేదు, అయినా ప్రతి పట్టికలోనూ అచ్చయింది.

దీనికి తిరగేసిన బొమ్మ చూడాలంటే అమెరికా. 1980లో ఆ దేశపు నిరూపిత నిల్వలు సుమారు మూడు వేల కోట్ల పీపాలు, తీసే వేగంతో భాగిస్తే పదేళ్లకు కూడా చాలవు. అప్పట్నుంచి అక్కడ పది వేల కోట్ల పీపాలకు పైగా తీశారు. 2022 చివరికి ఇంకా 4,800 కోట్లు ఉన్నాయన్నారు. అందుకే 'ఇంకా ఇన్నేళ్లే' అనే అంకెను నేను జాతకంలా చదవను. అది కిరాణా కొట్టు గూట్లో సరుకు లాంటిది. కొట్టువాడు వెనక గోదాములోంచి తెచ్చి నింపుతూనే ఉంటాడు.

మనకైతే ఈ పాఠం ఎంతో దూరం నుంచి రానక్కర్లేదు. విశాఖ నుంచి మూడు గంటలు ప్రయాణిస్తే కాకినాడ. 2005లో ఆ తీరంలో గుజరాత్ ప్రభుత్వ సంస్థకు 20 ట్రిలియన్ ఘనపుటడుగుల గ్యాస్ దొరికిందని ప్రకటించారు. చివరకు తేలింది అందులో చిన్న ముక్క. 2017లో ఓఎన్‌జీసీ ఆ బ్లాకులో 80 శాతం వాటా కొనుక్కోవాల్సి వచ్చింది. పక్కనే డీ6 అనే గ్యాస్ బ్లాకులో రిలయన్స్ రెండు ప్రధాన క్షేత్రాలకు 2006లో చెప్పిన పది ట్రిలియన్ల అంచనా ఆరేళ్లలో మూడుకు దిగింది. ఒత్తిడి పడిపోయింది, నీరు చొరబడింది, భూగర్భం మేం అనుకున్నట్టు లేదని కంపెనీ అంది. ఒప్పుకున్నన్ని బావులు తవ్వలేదని ప్రభుత్వం అంది. 2020 ఫిబ్రవరిలో ఆ బావుల్లో ఉత్పత్తి ఆగిపోయింది. కాకినాడ మరో దుబాయ్ అవుతుందని స్థలాలు కొన్నవాళ్లు మా బంధువుల్లోనే ఉన్నారు. వాళ్లు కొన్నది గ్యాస్‌ను చూసి కాదు, పేపర్లో అచ్చయిన అంకెను చూసి.

ఇన్నిట్లో నేను కాస్త నమ్మేది పైకి తీసి ట్యాంకులో పోసిన చమురును. దాన్ని కడ్డీ దించి చూడొచ్చు. చైనా తన నిల్వలు చెప్పకపోయినా ఉపగ్రహాలు పట్టేస్తాయి. పెద్ద ట్యాంకుల పైకప్పు చమురు మీదే తేలుతూ ఉంటుంది, మట్టం తగ్గితే కప్పు కిందికి దిగి లోపల నీడ పెరుగుతుంది. యారాడ కొండ రోడ్డు మలుపులో ఆగి సాయంత్రపు ఎండలో రిఫైనరీ ట్యాంకుల వైపు చూస్తే ఆ నీడల తేడా మామూలు కంటికే తెలుస్తుంది.

లోవ గార్డెన్స్ గుహకు మాత్రం నీడ లేదు. చమురు చుట్టూ రాతిలో నీటి ఒత్తిడి ఉంచి, అది బయటకు కారకుండా ఆ నీటితోనే అదిమి పెడతారు. లోపలికి ఊరిన నీటిని తోడేస్తుంటారు. అద్భుతమైన పనితనం, కానీ బయట నుంచి ఎవరికీ ఏమీ కనబడదు. 2020 ఏప్రిల్, మే నెలల్లో ధర కుప్పకూలినప్పుడు పీపా సగటున 19 డాలర్లకు కొని మూడు చోట్లా నింపామని, ఐదు వేల కోట్ల రూపాయలు ఆదా అయిందని కేంద్రం చెప్పింది. మంచి బేరం. 2021 నవంబరులో అందులోంచి 50 లక్షల పీపాలు విడుదల చేస్తామనీ ప్రకటించింది. అంటే మట్టం మారుతూనే ఉంటుంది. తొమ్మిదిన్నర రోజుల లెక్క మాత్రం గుహలు అంచుదాకా నిండి ఉన్నాయనుకుని వేసింది.

టెక్సస్, లూసియానా ఉప్పు గుహల్లో ఎంత చమురు ఉందో అమెరికా వారం వారం ప్రకటిస్తుంది. శత్రువులు లేని దేశమేం కాదు కదా. మన గుహల్లో ఎంత ఉందో పార్లమెంటులో ఏ ఎంపీనో ప్రశ్న వేస్తే, ఆ సమాధానంలో ఎప్పుడో తెలుస్తుంది. నెలకోసారైనా మూడు గుహల మట్టాలు, ఏ వాడకంతో భాగించారో ఆ సంఖ్యతో సహా బయటపెడితే టీవీ అడుగున పరుగెత్తే అంకెకు ఒక అర్థం ఉంటుంది. మా బంకు కుర్రాడు రోజూ పొద్దున ఆరింటికి కడ్డీ దించి, తడి ఎక్కడిదాకా ఉందో చూసి, పుస్తకంలో రాసి, బయట బోర్డు మీద సాంద్రత మారుస్తున్నాడు.