చింతమాను దయ్యానికి విలువ కట్టలేదు

తెలుగులో గోథిక్ చారిత్రక నవలకు మంచి రోజులొచ్చాయట. పాడుబడ్డ ఊరు, పాత పగ, ముసలివాళ్ల నోట మిగిలిన ఒక శాపం, వీటన్నిటి మీదా కాస్త వెన్నెల. ఈ సరుకు కోసం హైదరాబాదు నుంచీ బెంగళూరు నుంచీ రచయితలు డ్రోన్లతో సహా రాయలసీమలో దిగుతున్నారు. సంతోషమే. వేరుశనగ, నాపరాయి తర్వాత మన దగ్గర ఎగుమతికి ఇంకో సరుకు తేలింది. పాడుబడ్డ ఊళ్లను తయారు చేయడంలో ప్రభుత్వ శాఖలు పడిన శ్రమకు మాత్రం ఇంతవరకు ఒక్క నవలా అంకితం కాలేదు. నా బాధ అది.

యూరపులో ఒక కోట శిథిలం కావాలంటే నాలుగైదు తరాలు ఓపిక పట్టాలి. మన నీటిపారుదల శాఖ అంత ఆలస్యం చేయదు. 1963లో నెహ్రూ శ్రీశైలం ప్రాజెక్టుకు శంకుస్థాపన చేశారు. 1981 వచ్చేసరికి కృష్ణ ఒడ్డున ఊళ్లకు ఊళ్లే ఖాళీ. సంగమేశ్వరం గుడి చూడండి. ఏడాదిలో ఎక్కువ నెలలు నీళ్లలో ఉండి, ఎండాకాలం డ్యాము తగ్గితే ముందు శిఖరం, తర్వాత గోడలు, చివరికి వేపమొద్దు శివలింగం బయటపడతాయి. ఏ రచయితకు తట్టేది ఇంత సెట్టింగు? కరెంటు కోసమని కట్టారు గానీ, సాహిత్యసేవ దానంతటదే జరిగిపోయింది. గండికోట జలాశయం వాళ్లు కూడా వెనకబడలేదు. 2020లో తాళ్లప్రొద్దుటూరును ఖాళీ చేయించి నీళ్లు నింపారు.

నీళ్లు ముంచలేని ఊళ్ల సంగతి నీళ్లు లేకపోవడమే చూసుకుంటోంది. పంట ఎండితే అనంతపురం పల్లెలు బెంగళూరుకు పోతాయి. ఆదోని, కోసిగి పక్క జనం గుంటూరు మిరపకోతలకు పోతారు. తాళం వేసిన తలుపు ముందు, కుక్కలు దూరకుండా, కంప అడ్డం పెట్టిపోతారు. ఆ కంప ముందు నిలబడి సెల్ఫీ తీసుకుంటే పుస్తకం వెనక అట్టకు సరిపోతుంది.

ఇంత సామగ్రి ఉండి కూడా మనవాళ్లు రాసేది ఏమిటి? జమీందారుగారి బంగళా, వంకర్లు తిరిగిన మెట్లు, షాండ్లియరు, తెల్లచీర, గజ్జెల చప్పుడు. అయ్యా, ఇక్కడ ఆ రకం జమీందారు ఎవరు? 1800లో నిజాం ఈ జిల్లాలను ఈస్టిండియా కంపెనీకి వదిలేశాడు. కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో పాలెగాళ్లను అణిచేసి, శిస్తు నేరుగా రైతు దగ్గరే వసూలు చేసే రైత్వారీ పెట్టాడు. ఆ దెబ్బతో బంగళాలకు అవకాశం లేకపోయింది, బంగళా దయ్యాలకు నిలువ నీడ లేకపోయింది. ఇప్పుడు కోస్తా దయ్యాన్ని తెచ్చి మా మట్టిమిద్దెలో కాపురం పెట్టిస్తే దాని గతేంగాను? మిద్దెకు మెట్లుండవు, నిచ్చెన ఉంటుంది. పాపం, కాళ్లకు గజ్జెలు కట్టుకుని, ఒక చేత్తో చీర కుచ్చిళ్లు పట్టుకుని ఎక్కాలి.

నేలమాళిగే కావాలంటే జొన్న పాతర ఉంది. భూమిలో మనిషి లోతు తవ్వి, లోపల జొన్నలు పోసి, పైన మన్ను కప్పేవాళ్లు. మూత తీసిన వెంటనే ఎవరూ దిగరు. లోపలి గాలికి మనిషి అక్కడే పడిపోతాడు. ఆకలికి దాచుకున్న తిండే ఆదరాబాదరా దిగినవాణ్ని మింగేస్తుంది. దీనికి గజ్జెలు అవసరమా?

దయ్యాలకు ఇళ్లు లేకుండా చేసిన పాపమేమో, మన్రో తానే పోయి కథలో పడ్డాడు. కడప జిల్లా గండిలో, పాపఘ్ని ఒడ్డున, కొండకూ కొండకూ మధ్య బంగారు తోరణం ఉందని నమ్మకం. కాలం దగ్గరపడిన పుణ్యాత్ములకు తప్ప ఇంకెవరికీ కనబడదు. ఆ దారిన పోతున్న దొర తలెత్తి, ఎవరు కట్టారీ తోరణం అని అడిగాడట. వెంట ఉన్నవాళ్లు గుటకలు మింగారట. దొర 1827 జూలై 6న పత్తికొండలో కలరాతో పోయాడు. ఆ తర్వాత ఊళ్లలో పిల్లలకు మన్రోలప్ప అని పేర్లు పెట్టుకున్నారు. శిస్తు వసూలు చేసినవాడి పేరు పిల్లలకు పెట్టుకునే జనం మీద నవల రాయడానికి ధైర్యం కావాలి, ఒప్పుకుంటాను.

ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని 1847లో కోవెలకుంట్లలో ఉరితీసి తలను కోటకు వేలాడదీశారు. 1877 దాకా, అంటే ధాత కరువు వచ్చేదాకా, అది అక్కడే ఉంది. దీన్ని కథలో రాస్తే మరీ అతిగా ఉందని ఎడిటరు కొట్టేస్తాడు. కడపలో బ్రౌన్ గ్రంథాలయం ఉంది. కంపెనీ అధికారి మెకంజీ రాయించిన కైఫీయత్తులు, ఏ ఊరు ఎట్లా పుట్టింది, ఎట్లా పాడుబడింది, ఫ్యాను కింద కూర్చుని చదువుకోవచ్చు. కాకపోతే అక్కడ డ్రోన్ ఎగరేయనివ్వరు.

గండికోట నీళ్లకు పోయిన ఒక ఊరివాళ్ల పునరావాస కాలనీకి ఈమధ్య ఒక నవలాకారుడు వచ్చాడు. అరుగు మీద చింతపండు గింజలు తీస్తున్న అవ్వ దగ్గర కూర్చున్నాడు.

"అవ్వా, మీ పాత ఊర్లో దయ్యాలుండేవంట కదా?"

"ఉన్నింది నాయనా ఒకటి, చింతమాను మింద. మాను కొట్టేసిరి గదా, యాడికి పాయెనో ఏమో."

"ఎవరి ఆత్మ అది?"

"మా యత్తది."

"పగబట్టిందా?"

"పగేముంది? బతికినప్పుడు యెట్ల అరిచేదో సచ్చినాక గూడా అట్లే అరిచేది. నాకు అలవాటైపాయ."

ఆయన పుస్తకంలో "శాపగ్రస్త వంశం" అని రాసుకున్నాడు. నవలలో ఆ అత్త రాణి అవుతుంది. చూస్తూ ఉండండి.

ఇక్కడ ఒక పాలనాపరమైన లోపం ఎత్తి చూపాలి. భూసేకరణలో ఇంటికి కొలతలు తీస్తారు, చెట్లు లెక్కపెడతారు, చింతమానుకు కాపును బట్టి విలువ కడతారు. మాను మీద ఉన్నదాన్ని మాత్రం ఎవరూ నమోదు చేయలేదు. శ్రీశైలం ముంపులో రూపాల సంగమేశ్వరుడిదని ఇంకో గుడిని ఊడదీసి కర్నూలు జగన్నాథగట్టు మీద మళ్లీ పేర్చారు. దేవుడికి పునరావాసం దొరికింది. దయ్యం అర్జీ పెట్టుకుందామంటే కాలనీలో చింతమాను లేదు, కరెంటు స్తంభాలున్నాయి.

నాపరాయి లారీ జిల్లా దాటాలంటే డ్రైవరు దగ్గర రాయల్టీ బిల్లు, పర్మిటు ఉండాలి. కథకు మాత్రం తనిఖీ లేదు. కాబట్టి గనుల శాఖకు నా విన్నపం: బెంగళూరు దారిలో కొడికొండ దగ్గర, హైదరాబాదు దారిలో పంచలింగాల దగ్గర ఒక్కో కౌంటరు తెరిచి రచయితల సంచులు దింపించాలి. శాపాలెన్ని, దయ్యాలెన్ని, ఏ ఊరివి, చెప్పిన అవ్వకు ముట్టిందేమిటి? బిల్లు లేని సరుకును తెచ్చిన ఊళ్లోనే వదిలి రావాలి. ఆ ఊరు నీళ్లలో ఉంటే ఎండాకాలం దాకా కౌంటర్లో ఉంచుకోవాలి. గజ్జెలు, తెల్లచీర, షాండ్లియరు వచ్చేటప్పుడు వెంట తెచ్చుకున్నవే కాబట్టి వాటిని ఆపనక్కర్లేదు.